వైఫై లేకుండా ఐఫోన్ అప్‌డేట్ చేసుకున్నాను

మా రౌటర్‌లో వైఫై పోయింది. ల్యాన్ కేబుల్‌తో కంప్యూటర్‌కు మాత్రం నెట్ వస్తోంది. సెక్యూరిటీ అప్‌డేట్ కదా, వాయిదా వేయాలనిపించలేదు.

ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, 'ట్రస్ట్' నొక్కి పాస్‌కోడ్ ఇచ్చాను. ఐఫోన్‌ను కంప్యూటర్ నుంచి చూసుకునే ఆపిల్ ప్రోగ్రామ్ ఐట్యూన్స్‌లో ముందు బ్యాకప్ తీసుకున్నాను. ఇది మాత్రం దయచేసి మానొద్దు. తర్వాత ఫోన్ బొమ్మ మీద నొక్కి, సమ్మరీలో 'చెక్ ఫర్ అప్‌డేట్' ఎంచుకున్నాను. దాని దగ్గరే 'రీస్టోర్' బటన్ ఉంటుంది, జాగ్రత్త! అది ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేస్తుంది.

ఫైల్ కొన్ని జీబీలు ఉంటుంది, కానీ దిగేది కంప్యూటర్‌లోకే. అందుకే ఫోన్‌లో ఖాళీ తక్కువున్నా ఈ పద్ధతి నయం. మ్యాక్ వాడేవాళ్లకు 2019 నాటి మ్యాక్ఓఎస్ వెర్షన్ కాటలినా నుంచి ఇదంతా ఐట్యూన్స్ బదులు, ఫైళ్లు చూసుకునే ఫైండర్‌లోనే ఉంది.

మధ్యలో స్క్రీన్ నల్లబడితే టెన్షన్ పడ్డాను. కేబుల్ కదపకుండా ఆగాను, ఫోన్ కొత్త వెర్షన్‌తో లేచింది.