కాస్టిక్ సోడా తగిలిన సిలిండర్ హెడ్‌ని ఎలా బాగుచేశానంటే

నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారు ఇంజిన్ విప్పితే, పైన మూతలా ఉండే సిలిండర్ హెడ్ నిండా జిడ్డు, నీళ్లు తిరిగే రంధ్రాల చుట్టూ సున్నంలాంటి తెల్లటి పొర. ఈ 1089 సీసీ ఇంజిన్‌లో బ్లాక్ (సిలిండర్లుండే కింది భాగం) పోత ఇనుము, హెడ్ మాత్రం అల్యూమినియం. ఆ తేడా మర్చిపోయి, బ్లాక్‌కి వాడిన కాస్టిక్ సోడా నీళ్లే హెడ్ మీదా పోశాను. నిమిషంలో బుసబుసా నురగ. లోహం మసిబారింది, వేలితో రాస్తే నల్లగా అంటుకుంది. గుండె జారిపోయింది. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా అప్పుడు వచ్చేది హైడ్రోజన్, దగ్గర్లో నిప్పు ఉంటే ప్రమాదం.

వెంటనే ధారగా నీళ్లు పోసి కడిగాను. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నైలాన్ బ్రష్‌తో మెల్లగా రుద్దితే మసి చాలావరకు వదిలింది. మూలల్లో జిడ్డుకి కిరోసిన్, గట్టిపడిన బొగ్గుకి చెక్క పుల్ల. ఇనప బ్రష్ వాడొద్దు, గీతలు పడతాయి. గాస్కెట్ (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య లీకవకుండా పెట్టే పొర) ఆనే ముఖాన్ని ఎమెరీ కాగితంతో అస్సలు ముట్టుకోవద్దు. అక్కడ స్టీలు స్కేలు అంచు మీద నిలబెట్టి, కింద 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చటి రేకు) దూరుతుందేమో నాలుగు వైపులా చూశాను. దూరలేదు, అంటే ముఖం వంగలేదు, టెన్షన్ తగ్గింది.

వర్క్‌షాపువాళ్లు ఇసుక బ్లాస్టింగ్ (గాలితో ఇసుక కొట్టి శుభ్రం చేయడం) చేస్తామన్నారు, ఒప్పుకోలేదు. ఆయిల్ దారిలో ఇసుక మిగిలితే బేరింగులు పాడవుతాయి. రంధ్రాలన్నీ మూసి, నీళ్లతో గాజు పూసలు కొట్టే వేపర్ బ్లాస్టింగ్ చేయించాను. తర్వాత ప్రతి దారినీ కడిగి గాలి కొట్టాను. పాలిష్ పెట్టలేదు. పోత పోసిన లోహానికుండే ఆ మసక వెండి రంగే ఈ బండికి అందం.