చిగుళ్ల నుంచి రక్తం, ఇంప్లాంట్ చుట్టూ వాపు: ఎందుకు వస్తాయి, ఏం చేయాలి

కడపలో ఉండే మా అమ్మకు ఇంప్లాంట్ (పన్ను పోయిన చోట ఎముకలో బిగించే టైటానియం స్క్రూ, దాని మీద క్యాప్) పెట్టించి మూడేళ్లయింది. ఎర్రకారం దోశ తింటే ఆ పక్క మండుతోందని రెండో పక్కే నమలడం మొదలుపెట్టింది. టార్చ్ వేసి చూస్తే ఇంప్లాంట్ చుట్టూ చిగురు దానిమ్మ గింజలా ఎర్రగా ఉబ్బి ఉంది. రక్తం వస్తోందని అక్కడ బ్రష్ పెట్టడమే మానేసిందట. చాలామంది చేసే తప్పు ఇదే.

సమస్య: బ్రష్ చేస్తే రక్తం

కారణం: పంటికీ చిగురుకూ మధ్య సందులో పాచి పేరుకుంటుంది. అందులో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా చేరితే, జింజిపెయిన్లనే ఎంజైములను వదులుతుంది. ఇవి ప్రొటీన్లను కోసే కత్తెరలు. చిగురును గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్‌ను తుంచుతాయి, మనల్ని కాపాడాల్సిన యాంటీబాడీలనూ ముక్కలు చేస్తాయి. దానితో పోరాడడానికి వచ్చిన మన తెల్ల రక్తకణాలు వదిలే ఎంజైములు కూడా ఆ కొల్లాజెన్‌నే తింటాయి. పైగా ఆ బ్యాక్టీరియాకు కావాల్సిన ఇనుము మన రక్తంలోనే ఉంది. రక్తం కారే కొద్దీ దానికి మేత దొరికినట్టే.

పరిష్కారం: రక్తం వచ్చే చోటే మెత్తటి బ్రష్‌తో, చిగురు అంచు మీద, రోజూ రెండుసార్లు నెమ్మదిగా తోమాలి. గార కట్టి ఉంటే బ్రష్‌తో పోదు, డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయించాలి. క్లీనింగ్‌తో పళ్లు వదులవుతాయని మావాళ్లు భయపడతారు. అప్పటికే వదులైన పన్నును గార పట్టి ఉంచుతుంది, అది తీశాక కదలిక తెలుస్తుంది, అంతే. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపకుండా డాక్టర్‌కు ముందే చెప్పాలి.

సమస్య: నోటి వాసన

అదే బ్యాక్టీరియాలోని మరో ఎంజైమ్ మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొట్టి, కుళ్లు వాసన వేసే వాయువును పుట్టిస్తుంది. మౌత్‌వాష్ కాసేపే కప్పిపుచ్చుతుంది. సందు శుభ్రమవ్వాలి, నాలుక కూడా గీసుకోవాలి.

సమస్య: ఇంప్లాంట్ చుట్టూ వాపు

కారణం: టైటానియం పుచ్చదు కాబట్టి భయం లేదనుకుంటాం. కానీ సహజమైన పంటి వేరులోకి చిగురు నారలు దిగి నాటుకుంటాయి. ఇంప్లాంట్ పక్కన ఆనుకుని ఉంటాయి, అంతే. పట్టు తక్కువ కాబట్టి పాచి తేలిగ్గా లోపలికి జారుతుంది. నొప్పి లేకుండానే ఎముక తరిగిపోవచ్చు.

పరిష్కారం: వాపు చిగురు దాకే ఉంటే శుభ్రం చేయించి, ఇంట్లో సందుల బ్రష్ వాడితే తగ్గుతుంది. ఎముక దాకా పోతే సర్జరీ అవసరం పడొచ్చు, పోయిన ఎముక దానంతటది రాదు. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగితే పాచి అలాగే ఉంటుంది. షుగర్ అదుపులో పెట్టుకోవాలి. పొగతాగేవాళ్లకు రక్తం తక్కువగా కనిపిస్తుంది, దాన్ని నమ్మకండి.

క్యాప్ బిగించిన రోజు తీసిన ఎక్స్‌రే దాచుకోండి. అమ్మది రేషన్ కార్డు కవర్లో దొరికింది. కొత్తదాని పక్కన పెట్టి చూస్తే ఎముక తగ్గలేదని తేలింది. ఆ రాత్రి నుంచే అక్కడ మళ్లీ బ్రష్ పెట్టింది.