పదహారు రంగుల్లో హీరో కనపడాలంటే

పాత ఈజీఏ (ఒకప్పటి పీసీల గ్రాఫిక్స్ పద్ధతి) తరహాలో 16 రంగులతో గేమ్ సీన్ గీస్తే హీరో పోయి గోడలో కలిసిపోతాడు. నేనిప్పుడు పిక్సెల్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఏస్‌ప్రైట్‌లో ఫైల్‌ని ఇండెక్స్‌డ్ మోడ్‌లో పెట్టి (అంటే ఎంచుకున్న పట్టికలోని రంగులే వాడేలా), 4 రంగులు మనుషులకే వదిలేస్తున్నా: గోధుమ, లేత ఎరుపు, పసుపు, తెలుపు. (ఈజీఏలో చర్మం రంగంటూ లేదు, వీటితోనే సర్దుకోవాలి.) మిగతా 12తోనే బ్యాక్‌గ్రౌండ్. నడిమి ఛాయ కావాలంటే ముదురు నీలం, నలుపు పిక్సెళ్లని చదరంగం గళ్లలా మార్చి మార్చి పెట్టండి, రాత్రి ఆకాశం వచ్చేస్తుంది. ఈ గళ్లు ముఖం మీద మాత్రం వద్దు, తట్టు పోసినట్టుంటుంది. బొమ్మని పెద్దది చేసేటప్పుడు 2, 3 రెట్లు చేయండి. ఒకటిన్నర రెట్లు చేశారో, గళ్లన్నీ పిచ్చి చారలైపోతాయి.