రేపటికి ఒక ఏకు మిగల్చండి

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు శ్రీకాకుళం జిల్లా పొందూరులో మా ఇంట్లో నలుగురం ఉన్నాం. మా అత్తగారు చిన్నప్పటి నుంచి 24 ఆకుల (చక్రపు చువ్వల) రాట్నం మీద నూలు వడుకుతున్నారు. నేను హైస్కూలులో లెక్కలు చెబుతాను. 21 రోజులే అనుకున్నది మే నెలాఖరు దాకా సాగింది. ఆ రోజుల్లో ఇల్లూ మనసూ ఎలా నిలబెట్టుకోవాలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మళ్లీ ఏదైనా అంటువ్యాధి వచ్చి తలుపులు వేసుకోవలసి వస్తే మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి వారం మేం తొమ్మిదింటికి లేచి, అర్ధరాత్రి దాటేదాకా ఫోన్లు చూస్తూ కూర్చున్నాం. అందరికీ తలనొప్పి, అందరికీ విసుగు. అత్తయ్య మాత్రం ఎప్పటిలాగే ఐదింటికి లేచి, వాకిలి ఊడ్చి, చోడి (రాగి) అంబలి తాగి రాట్నం దగ్గర కూర్చునేవారు. రెండో వారం నుంచి అందరం ఆవిడ వేళలకే వచ్చాం. పొద్దున్నే స్నానం చేసి, బడికి వెళ్లే చీరే కట్టుకోండి. నైటీలో ఫోను ముందు పాఠం చెప్పిన రోజు నా గొంతు నాకే నీరసంగా వినిపించింది.

వార్తలకు ఒక వేళ పెట్టుకోండి. మా జిల్లాలో మొదటి కేసులు ఏప్రిల్ 25న బయటపడ్డాయి. ఆ రోజు టీవీ పగలంతా మోగుతూనే ఉంది. పొందూరు సన్న నూలు వంద కౌంటు దాటుతుంది; కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నం. ఏకు, అంటే వడకడానికి చుట్టిన పత్తి వత్తి, పట్టిన వేళ్లు కాస్త బిగిసినా పోగు తెగుతుంది. ఆ పూట అత్తయ్యకు పదిసార్లు తెగింది. "ఆ టీవీ ఆపమ్మా, నా చెయ్యి బిగుసుకుపోతోంది" అన్నారు. ఆ మర్నాటి నుంచి సాయంత్రం ఏడింటికి ఒక్కసారే వార్తలు. వాట్సాప్‌లో వచ్చే కషాయాల కబుర్లు ఎవరికీ పంపకూడదని కూడా నియమం పెట్టుకున్నాం.

చేతులకు కంటికి కనిపించే పని ఇవ్వండి. పత్తిని శుభ్రం చేయడానికి మా ఊళ్లో వాలుగ చేప దవడ ఎముక వాడతారు. దానికి సన్నటి పళ్లు ఒత్తుగా ఉంటాయి. గింజతో ఉన్న పత్తిని కొంచెం కొంచెంగా దానితో దువ్వితే నలుసులు రాలిపోయి, పోగులన్నీ ఒకే వైపుకు తిరుగుతాయి. పన్నెండేళ్ల మా పాపకు ఆ పని అప్పగించాం. మొదటి రోజు గుప్పెడు పత్తికే గంట పట్టింది. పది రోజులకు అత్తయ్య అది దువ్విన పత్తిని వెలుతురుకు పట్టి చూసి, "ఇది నేను వడుకుతాను" అన్నారు. మర్నాడు ఎవరూ లేపకుండానే పాప ఐదింటికి లేచి కూర్చుంది. మీ ఇంట్లో రాట్నం లేకపోతే ఆవకాయకు కాయలు తుడవండి, ఆనప పాదుకు పందిరి వేయండి. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకొకరికి ఫోను చేయండి.

అన్నింటికన్నా నాకు మేలు చేసింది వేరే ఉంది. పత్తి రావడం ఆగిపోయింది కాబట్టి అత్తయ్య రోజుకు రెండు చిలపల (చుట్టల) నూలే వడికేవారు. ఓపిక ఉన్నా మూడోది మొదలుపెట్టేవారు కాదు. ఒక ఏకు మాత్రం రాట్నం పక్కన ఉంచేవారు. "లేచేసరికి పని నా కోసం చూస్తూ ఉండాలి" అనేవారు. నేనూ పాఠాలు రాసుకుంటూ ఒక లెక్కను సగంలో ఆపి, పెన్ను ఆ పేజీలోనే పెట్టి పడుకునేదాన్ని. తెల్లవారితే ఏం చేయాలి అన్న బెంగ పోయింది.

2021 మేలో మా ఆయనకు కోవిడ్ వచ్చింది. ధైర్యం మందుకు బదులు కాదు. వేరే గది, తెరిచిన కిటికీ, వేరే పళ్లెం. ఆక్సిమీటర్ అంకె రోజుకు నాలుగుసార్లు పుస్తకంలో రాశాం. 94 కన్నా తగ్గితే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చెప్పాలి. అత్తయ్య మాస్కు కట్టుకుని, కిటికీకి దూరంగా పెరట్లో రాట్నం వేసుకుని కూర్చునేవారు. ఆయన మంచం మీద నుంచి ఆ చప్పుడు వినేవారు. జ్వరం తగ్గిన రోజు పొద్దున కిటికీ దగ్గరకు వచ్చి ఆయన అడిగిన మొదటి మాట, "ఎన్నో చిలపమ్మా?"