పోర్చుగల్‌ని ఇంటిల్లిపాదీ ఉత్తరం నుంచి దక్షిణం దాకా చూడాలంటే

మ్యాప్‌లో పోర్చుగల్ చిన్నగా కనిపిస్తుంది. పైనుంచి కింది దాకా దాదాపు 560 కిలోమీటర్లే. అది చూసి రోజుకో ఊరు చొప్పున ప్లాన్ వేయకండి. మేమూ మొదట అలాగే వేశాం, పద్నాలుగు రాత్రులకి తొమ్మిది ఊళ్లు. వెళ్లేది నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల పాప, డెబ్బై దాటిన మా అత్తగారు. బయల్దేరే ముందు కూర్చుని నాలుగు ఊళ్లు కొట్టేశాం, ఆ కొట్టేయడం వల్లే ట్రిప్ బాగా జరిగింది. మీరు కూడా ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో చూసుకుని, వాళ్ల కాళ్లని బట్టి ప్లాన్ వేయండి.

మేం చివరికి వెళ్లిన దారి ఇది: పోర్టోలో మూడు రాత్రులు, కోయింబ్రాలో రెండు, ఎవొరాలో మూడు, తవీరాలో నాలుగు, ఆఖర్న లిస్బన్‌లో రెండు. విమానం టికెట్ పోర్టోకి వెళ్లేలా, లిస్బన్ నుంచి తిరిగొచ్చేలా తీసుకోండి. దిగిన చోటికే మళ్లీ రావాలంటే ఒక రోజంతా రైల్లో పోతుంది.

పోర్టో ఏటవాలు ఊరు. నది ఒడ్డుకి దిగడం సులువే, ఎక్కడమే కష్టం. అందుకే గిందైష్ ఫ్యునిక్యులర్ (తాడుతో లాగే ఏటవాలు రైలు) ఎక్కడుందో మొదటి రోజే తెలుసుకోండి, అది నది దగ్గర నుంచి నేరుగా పైకి, బతాల్యా వైపు తెచ్చి దింపుతుంది. ఫుట్‌పాత్‌లకి చిన్న చిన్న రాళ్లు పరిచి ఉంటాయి, వాన పడితే అవి నున్నగా జారతాయి, పెద్దవాళ్లకి పట్టున్న బూట్లు తప్పనిసరి. సావ్ బెంతో స్టేషన్‌కి రైలు లేని రోజు కూడా వెళ్లండి. హాలు గోడల నిండా నీలం రంగు టైల్స్, ఇరవై వేల దాకా ఉంటాయి, జోర్జ్ కొలాసు అనే చిత్రకారుడు వేసినవి. టికెట్ అక్కర్లేదు.

ఇక్కడి నుంచి దోరు నది లోయకి ఒక రోజు రైల్లో వెళ్లి రావాలి, నా మాట విని బస్సు టూర్ వద్దనుకోండి. పిన్యావ్ దాకా రెండున్నర గంటలు. సీటు నంబర్లు ఉండవు కాబట్టి ముందే వెళ్లి కుడి చేతి వైపు కిటికీలు పట్టుకోండి. మొదటి గంట మామూలుగానే ఉంటుంది, ఆ తర్వాత రైలు నదికి ఆనుకుని వెళ్తుంది, అవతల కొండలన్నీ మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలే. ఈ ప్రాంతానికి 1756లోనే హద్దులు గీశారు, ఇక్కడి ద్రాక్షతోనే పోర్ట్ వైన్ చేయాలని. వైన్ సంగతి ఎలా ఉన్నా, రెండున్నర గంటలూ మా పాప ఫోన్ అడగలేదు. తిరుగు రైలు టైమ్ దిగగానే చూసుకోండి, రోజుకు కొన్నే ఉంటాయి.

కోయింబ్రాకి వెళ్లేటప్పుడు పెద్ద రైళ్లు కోయింబ్రా-బి అనే స్టేషన్‌లో ఆగుతాయి, ఊళ్లోకి అక్కడి నుంచి టాక్సీ తీసుకోండి. 4 నుంచి 12 ఏళ్ల పిల్లలకీ, 65 దాటినవాళ్లకీ రైలు టికెట్ సగం ధరే, పెద్దవాళ్ల పాస్‌పోర్ట్ చేతిలో ఉంచుకోండి. 1290లో మొదలైన యూనివర్సిటీ కొండ మీద ఉంది, టాక్సీని అక్కడి దాకా తీసుకెళ్లి, చూశాక నెమ్మదిగా కిందకి దిగండి. అందులోని పాతకాలపు జొయనీనా లైబ్రరీకి టికెట్ మీద ఒక టైమ్ వేసి ఇస్తారు, ఆ టైమ్ దాటితే కష్టం. లోపల గబ్బిలాలు ఉంటాయి, రాత్రిళ్లు పుస్తకాలు తినే పురుగుల్ని అవి తింటాయి, అందుకే వాటిని తరిమేయరు. వాటి రెట్టలు పడకుండా బల్లల మీద తోలు కప్పుతారు. పిల్లలకి ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్తే బంగారు పూత అల్మరాల కంటే గబ్బిలాల కోసమే ఎక్కువ వెతుకుతారు.

ఎవొరా ఉన్న అలెంతేజు ప్రాంతం నాకు అన్నిటికంటే నచ్చింది. దేశంలో దాదాపు మూడో వంతు ఇదే, మనుషులు మాత్రం చాలా తక్కువ. ఇక్కడ కారు లేకుండా పని జరగదు, అందుకని లిస్బన్ మీదుగా రైల్లో ఎవొరాకి వచ్చి అక్కడ కారు తీసుకున్నాం. పన్నెండేళ్ల లోపు పిల్లలు 135 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉంటే చైల్డ్ సీట్ ఉండాలని చట్టం, బుక్ చేసేటప్పుడే అడగండి. టోల్ పరికరం పనిచేస్తోందో లేదో కారు తీసుకునే చోటే చూపించమనండి. మాకిచ్చిన కారులో అది ఆన్ చేసి లేదు, మేం ఆ పరికరం ఉన్న కార్ల ఆకుపచ్చ లేన్‌లోంచి వెళ్లిపోయాం, నెల తర్వాత టోల్ కంటే ఎక్కువ సర్వీస్ ఛార్జీతో బిల్లు వచ్చింది.

దారి పొడుగునా కార్క్ ఓక్ చెట్లు. కార్క్ కోసం కింద మాను బెరడు ఒలిచి ఎర్రగా ఉంటుంది, దాని మీద తెల్లగా ఒక అంకె. బెరడు ఒలిచిన సంవత్సరంలో చివరి అంకె అది, మళ్లీ తొమ్మిదేళ్ల దాకా ఆ చెట్టు జోలికి వెళ్లకూడదు. 3 అని ఉంటే 2023లో ఒలిచారు, ఇంక 2032లోనే. మా పాప ప్రతి చెట్టుకీ లెక్క కట్టి, అప్పటికి తనకి ఎన్నేళ్లు వస్తాయో చెప్తూ కూర్చుంది.

వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు మామూలే. పొద్దున్నే తిరిగి, మధ్యాహ్నం గదిలో పడుకుని, ఆరు తర్వాత బయటికి రండి, జూలైలో తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. అల్మెంద్రెష్‌లో సుమారు తొంభై ఐదు నిలువు రాళ్లు ఉన్నాయి, స్టోన్‌హెంజ్ కంటే పాతవి, టికెట్ లేదు, పొద్దున వెళ్తే మీరే ఉంటారు. ఎవొరా ఊళ్లో ఎముకలతో కట్టిన ప్రార్థనా మందిరం మాత్రం పిల్లలు భయపడే రకమైతే వదిలేయండి. మేం వంతులవారీగా వెళ్లాం.

తిండి విషయానికొస్తే, కూర్చోగానే బ్రెడ్, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెడతారు. అవి ఉచితం కాదు, తిన్నవాటికి బిల్లు వేస్తారు, వద్దంటే మొహమాటం లేకుండా తీసుకెళ్లిపోతారు. "మేయా దోజ్" అంటే సగం ప్లేటు, పాపకీ అత్తగారికీ కలిపి అదే సరిపోయేది. అత్తగారు శాకాహారి. కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూప్‌లో సాసేజ్ ముక్క వేస్తారు, కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడే "సెం షోరిసు" (సాసేజ్ లేకుండా) అనండి, సూప్‌ని మాంసం నీళ్లతో చేశారా అని కూడా అడగండి.

క్యూలు చూసి టెన్షన్ పడకండి. చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లకి, గర్భిణులకి, వికలాంగులకి, వయసు వల్ల ఇబ్బంది పడేవాళ్లకి ముందు అవకాశం ఇవ్వాలని 2016లో చట్టం చేశారు. మా అత్తగారిని చూసి చాలాచోట్ల అడగకుండానే ముందుకి పిలిచారు. ఆవిడ మొదట సిగ్గుపడ్డారు, తర్వాత అలవాటైంది.

దక్షిణ తీరం అల్గార్వ్‌లో ఫొటోల్లో కనిపించే ఎర్ర కొండలు లాగుష్ వైపు ఉంటాయి, చాలా బీచ్‌లకి బోలెడు మెట్లు దిగాలి, నీళ్లు కూడా చల్లగా ఉంటాయి. అందుకే మేం తూర్పున తవీరా ఎంచుకున్నాం. అక్కడ సముద్రం కాస్త వెచ్చగా, అలలు తక్కువగా ఉంటాయి, పడవలో ఇసుక దీవికి వెళ్లాలి. పడమటి బీచ్‌లకి వెళ్తే కొండ నీడలో మాత్రం కూర్చోకండి. 2009లో అల్బుఫైరా దగ్గర కొండ చరియ విరిగిపడి ఐదుగురు చనిపోయారు, హెచ్చరిక బోర్డులు అందుకే ఉన్నాయి. పసుపు జెండా ఉంటే ఈత కొట్టకూడదు, ఎరుపు ఉంటే నీళ్లలోకే దిగకూడదు. పిల్లలకి ఈ రెండు రంగులూ ఒడ్డు మీదే చెప్పండి.

దీవి నుంచి ఆఖరి పడవ ఎప్పుడో రేవులో బోర్డు మీద రాసి ఉంటుంది, వెళ్లేటప్పుడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మేం సాయంత్రం ఆఖరి పడవకి ముందుదే ఎక్కేవాళ్లం, అందులో అత్తగారికి సీటు దొరికేది.