షుగర్ ఉన్నవాళ్లకు మోకాలి ఆపరేషనా? నొప్పి మాత్ర సంగతి ముందే అడగండి

మోకాలి కీలు మార్పించుకుని ఇంటికొచ్చిన మూడో రాత్రి, రెండు గంటలకు లేచి చూస్తే అమ్మ దిండు తడిసి ముద్దయింది. "ఉక్కపోస్తోందిరా, ఫ్యాన్ పెంచు" అంది. ఫ్యాన్ అప్పటికే ఐదులో ఉంది. గ్లూకోమీటర్‌లో చూస్తే షుగర్ 58కి పడిపోయింది. రాత్రి తిన్నది రెండు ముద్దల పెరుగన్నం. వేసుకున్నది మాత్రం రోజూ వేసుకునే షుగర్ మాత్ర గ్లైమిపిరైడ్, దాని మీద నొప్పి మాత్ర.

ఆ మాత్రలో 325 మి.గ్రా. పారాసెటమాల్, 37.5 మి.గ్రా. ట్రామడాల్. ట్రామడాల్ ఓపియాయిడ్ (నల్లమందు తరహా) మందు. మెదడులో మందు అతుక్కునే మ్యూ రిసెప్టర్లను పట్టుకుని నొప్పి తగ్గిస్తుంది. ఓపియాయిడ్ రిసెప్టర్లు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల దగ్గర కూడా ఉన్నాయి. అక్కడ వాటి తీరు తిన్నగా ఉండదు: ల్యాబ్‌లో ఓపియాయిడ్ కొంచెం వేస్తే ఇన్సులిన్ పెరగడం, ఎక్కువ వేస్తే తగ్గడం కూడా చూశారు. ట్రామడాల్ మెదడులోని సెరటోనిన్ అనే రసాయనాన్నీ కదుపుతుంది కాబట్టి తప్పంతా ఈ రిసెప్టర్లదే అనలేం. షుగర్ పడిపోవడం మాత్రం నిజం. మందు మొదలుపెట్టిన మొదటి నెలలోనే ముప్పు ఎక్కువ.

అందుకే ఆపరేషన్‌కి ముందే షుగర్ మాత్రల చీటీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు డాక్టరుకు చూపించండి. కిడ్నీ మందగిస్తే గ్లైమిపిరైడ్, ట్రామడాల్ రెండూ ఒంట్లో ఎక్కువసేపు ఉంటాయి. డిప్రెషన్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. "వాంతులై తినలేకపోతే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ ఎంత తగ్గించాలి?" అని అడిగి రాయించుకోండి. సొంతంగా మానేయొద్దు.

ట్రామడాల్ వల్ల కూడా చెమట, మగత, కళ్లు తిరగడం వస్తాయి. షుగర్ పడినా అవే. చూసి తేల్చలేం, గ్లూకోమీటర్‌లో స్ట్రిప్ పెట్టాల్సిందే. మొదటి వారం రాత్రి రెండు మూడింటికి ఒకసారి చూడండి. బీపీకి బీటా బ్లాకర్ వాడేవాళ్లకు షుగర్ పడినా వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు.

70 లోపుంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడండి. వోగ్లిబోస్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లకు పంచదార, బెల్లం వెంటనే పనిచేయవు, గ్లూకోజే కావాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

పక్కింటివాళ్ల దగ్గర మిగిలిన ట్రామడాల్ మాత్రలు తెచ్చి వాడొద్దు. 2018 నుంచి ట్రామడాల్ మత్తుమందుల చట్టం కిందికొచ్చింది.

అన్నట్టు, ఒక్కసారి గ్లూకోజ్ ఇచ్చి పడుకోవద్దు. గ్లైమిపిరైడ్ రోజంతా పనిచేస్తూనే ఉంటుంది. అమ్మకు పావుగంటలో 84కి వచ్చింది. ఇక ఫర్వాలేదని మేం పడుకుంటే, నాలుగున్నరకి మళ్లీ 66.