ఫ్లెక్స్ మీద తెలుగు హెడ్డింగ్ లావుగా, ఇరుకుగా పెట్టడం ఎలా?

కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక ఐదు నిమిషాలు నిలబడి పైనున్న ఫ్లెక్సులు చదివి చూడండి. ఫొటోలు బాగుంటాయి, రంగులు బాగుంటాయి, హెడ్డింగ్ దగ్గరికొచ్చేసరికి అక్షరాలను రెండు పక్కల నుంచి పట్టి నలిపినట్టుంటుంది. చోటు చాలదు కాబట్టి అక్షరం ఇరుకవ్వాల్సిందే, దూరం నుంచి కనపడాలి కాబట్టి లావుగా ఉండాల్సిందే. ఈ రెండూ ఫాంట్ చేయాల్సిన పని. మౌస్‌తో లాగి చేసే పని కాదు.

ముందు సామాను. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ గానీ కొత్త కోరల్‌డ్రా గానీ ఉంటే చాలు. ఫాంట్ మాత్రం అనేక్ తెలుగు తీసుకోండి. ఎక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్లు చేసింది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. స్లైడర్లు జరిపి బరువు, అంటే గీత మందం, 100 నుంచి 800 వరకు, వెడల్పు 75 నుంచి 125 వరకు మార్చుకోవచ్చు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ స్లైడర్లు రాకపోతే, దిగిన జిప్ ఫైల్లోనే స్టాటిక్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులోని కండెన్స్‌డ్ ఎక్స్‌ట్రాబోల్డ్ (ఇరుకుగా, బాగా లావుగా ఉండేది) వేసుకోండి. రామభద్ర కూడా లావైన ఫాంటే గానీ దానికి వెడల్పు మార్చే వీలు లేదు, రెండు మాటల హెడ్డింగులకు దాన్ని ఉంచుకోండి.

బోర్డు అసలు కొలతకే పేజీ పెట్టుకోండి, హెడ్డింగ్‌ను యూనికోడ్‌లో (ఫోన్‌లో కొట్టే మామూలు తెలుగే) టైప్ చేయండి, బరువు 800, వెడల్పు 75 పెట్టండి. ముదురు రంగు మీద తెల్లక్షరాలైతే 700 చాలు, వెలుగు అక్షరం కంటికి ఉన్నదానికంటే లావుగానే కనిపిస్తుంది.

ఇక అందరూ పాడుచేసేది ఇక్కడే. ఇంకా నాలుగక్షరాలు పట్టడం లేదని పక్కనున్న హ్యాండిల్ పట్టుకొని లోపలికి నెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అక్షరాన్ని 60 శాతానికి నొక్కితే 10 మిల్లీమీటర్ల నిలువు గీత 6 అవుతుంది, అడ్డగీత మాత్రం 10 దగ్గరే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే సున్నాను చూడండి. పైనా కిందా లావుగా, పక్కల్లో పీలగా, కోడిగుడ్డు నిలబెట్టినట్టు తయారవుతుంది. మన లిపి అంతా గుండ్రాలే కాబట్టి సున్నాకు పట్టిన గతే ర, ఠ, వ, ప అన్నిటికీ పడుతుంది. ఇరుకు ఫాంట్ గీసినవాళ్లు గీత మందాన్ని అలాగే ఉంచి లోపలి ఖాళీని తగ్గిస్తారు, ఒక్కో అక్షరానికి విడిగా కూర్చొని. లాగితే వచ్చేది కాదది.

నొక్కాక అక్షరం పీలబడిందని తెలుస్తుంది, అప్పుడు దానికి మందంగా ఔట్‌లైన్ తొడుగుతారు. ఇది ఇంకా పెద్ద తప్పు. ద, ధ మధ్య తేడా కింద ఉండే ఒక్క చిన్న నిలువు గీత, డ, ఢ మధ్యా అంతే. ఔట్‌లైన్ లావైతే ఆ గీత పైనున్న అక్షరంలో కలిసిపోతుంది. ఒకప్పుడు ప్రొద్దుటూరులో ఒక పెళ్లి ఫ్లెక్స్‌కు నేనే ఇలా చేశాను. "అన్నా, ఇంకా లావుగా కొట్టన్నా, దూరం నుంచి కనపడల్ల" అని వాళ్లు అడిగితే ఔట్‌లైన్ పెంచుకుంటూ పోయాను. కట్టాక చూస్తే ధన్యవాదాలు కాస్తా "దన్యవాదాలు" అయ్యుంది. ఆ రోజు నుంచి హెడ్డింగ్‌కు ఔట్‌లైన్ వేయడం మానేశాను, మీరూ వేయకండి. మాటలు పట్టకపోతే సైజు తగ్గించండి, లేదా రెండు లైన్లు చేయండి.

రెండు లైన్లు అనగానే ఇంకో జాగ్రత్త. ఇంగ్లీషు బోర్డులు చూసి లైన్లను దగ్గరికి జరపొద్దు. ఇంపాక్ట్ లాంటి ఫాంట్‌లో (1965లో జెఫ్రీ లీ చేసింది) క్యాపిటల్ అక్షరాలన్నీ ఒకే ఎత్తు, కిందికి వేలాడేది ఏమీ ఉండదు, కాబట్టి లైన్లు దాదాపు తగిలేలా పేర్చినా బాగుంటుంది. మనకు కింద ఒత్తులు, పైన గుడి, ఓత్వం. "ఒంటిమిట్ట శ్రీ కోదండరామస్వామి" ఒక లైను, "బ్రహ్మోత్సవాలు" దాని కింద పెట్టి చూడండి. స్వా కింది ఒత్తు, హ్మో మీది ఓత్వం ఎక్కడ గుద్దుకుంటాయో తెలిసిపోతుంది. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు లైన్ దూరం పెట్టండి, అంతకంటే తగ్గించొద్దు. అక్షరాల మధ్య దూరం కూడా సున్నా దగ్గరే ఉంచండి, మైనస్‌లోకి వెళితే ర ఒత్తు పక్క అక్షరం కిందికి దూరుతుంది.

తర్వాత ఏ4 కాగితం మీద తీసి గోడకు అంటించి, పదడుగులు వెనక్కి వెళ్లి, ఆ మాటలు ముందే తెలియని మనిషితో చదివించండి. తడుముకున్న చోట సరిచేయండి. మార్చుకోవడానికి వీలుగా ఒక కాపీ దాచుకొని, రెండోదాన్ని కర్వ్స్ చేయండి, అంటే అక్షరాలను గీసిన బొమ్మలుగా మార్చండి, కోరల్‌లో కంట్రోల్ క్యూ. లేకపోతే ప్రింట్ షాపు సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేక వేరేది వచ్చి కూర్చుంటుంది.

ఫైల్ ఇచ్చేటప్పుడు ఆపరేటర్‌కు ఒక్క మాట నోటితో కూడా చెప్పండి. బోర్డు కొలత అరడుగు తేడా వస్తే వెనకున్న రంగును పెంచమనండి, అక్షరాలను ముట్టుకోవద్దనండి.